లింకను జీవితచరిత్రములు: స్తుతియా, సత్యమా?

కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో నొక చిన్న సంగతి జరిగెను. భూగోళపాఠమునకై యుంచిన గోళమును ఎవరో క్రింద బడవైచి పగులగొట్టిరి. ఎంత యడిగినను ఎవ్వరును జెప్పరైరి. ఆ వారమందే మేము పిల్లలకు జార్జి వాషింగ్టను బాల్యకథను జెప్పియుంటిమి. తండ్రి ప్రేమతో బెంచుకొన్న చెఱ్ఱీ చెట్టును బాలుడు చిన్న గొడ్డలితో నఱికెననియు, తండ్రి యడిగినప్పుడు అసత్యమాడజాలక తానే నఱికితినని యొప్పుకొనెననియు, తండ్రి కోపము మాని కుమారుని గౌగిలించుకొనెననియు జెప్పు కథ యది. మఱునాడు పదేండ్ల బాలు డొకడు కన్నీటితో మా యొద్దకు వచ్చి గోళమును బగులగొట్టినది తానేయని చెప్పెను. మేము వానిని దండింపలేదు, మెచ్చుకొంటిమి. మా బోధ ఫలించెనని లోలోన గర్వించితిమి కూడను.

రెండేండ్లు గడచెను. ఆ బాలుడే యొకనాడు గ్రంథాలయమున నేదో పుస్తకము చదివి నేరుగా మా యొద్దకు వచ్చి యిట్లడిగెను: "మాస్టారూ, ఆ చెట్టు కథ కల్పితమట. మీరు అబద్ధము చెప్పి నాచేత నిజము చెప్పించినారా?"

ఆ ప్రశ్నకు మా యొద్ద నుత్తరము లేకపోయెను. కథ కల్పితమైనను నీతి మంచిదే గదా యని యేదో పలికితిమి. వాడు తల యూచి వెడలిపోయెను గాని, వాని కన్నులలో నంతకు ముందుండిన నమ్మకము కొంత తగ్గినట్లు మాకు దోచెను. నాటినుండి యా ప్రశ్న మమ్ము విడువలేదు. మహాపురుషుని చరిత్రను వ్రాయువాడును, దానిని బిల్లలకు జెప్పువాడును, నీతికొఱకు సత్యమును సవరింపవచ్చునా? దోషమును దాచుట గౌరవమా, లేక ద్రోహమా? ఈ విషయమును మాకు దోచినంతవఱకు చదువరుల యెదుట విచారింప దలచితిమి.

ఆ చెట్టు కథను బ్రచారమునకు దెచ్చినవాడు మేసన్ వీమ్సు. అతడు క్రైస్తవ మతాచార్యుడు. ఊరూర దిరిగి పుస్తకముల నమ్మిన వర్తకుడును. వాషింగ్టను 1799వ సంవత్సరము డిసెంబరు నెలలో మరణింపగా, మఱుసటి యేటనే వీమ్సు అతని చరిత్రను బ్రకటించెను. చెట్టు కథ మొదటి కూర్పున లేదు. 1806లో వెలువడిన యైదవ కూర్పున జేరెను. ఆ కుటుంబమునకు దూరపు బంధువైన యొక వృద్ధురాలు తనకు జెప్పెనని వీమ్సు వ్రాసెనే గాని యామె పేరైన జెప్పలేదు. వేఱు సాక్ష్యమును లేదు. సత్యమును స్తుతించుటకై పుట్టిన కథయే సత్యము గాకపోయెను. ఆ పుస్తకము మాత్రము ఇంటింట జదువబడెను.

దానిని జదివిన బాలురలో నొకడు అబ్రహాము లింకను. అతడు 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున నొక దుంగల గుడిసెలో బుట్టెను. తొమ్మిదేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. పాఠశాలలో గడపిన దినములన్నియు గూడినను ఒక సంవత్సరము నిండదు. ఎరవు తెచ్చుకొన్న పుస్తకములే యతని గురువులు. అతడు 1861 ఫిబ్రవరి 21వ తేదీన, అధ్యక్షపదవిని స్వీకరింప బోవుచు, త్రోవలో ట్రెంటను నగరమున న్యూజెర్సీ శాసనసభ్యుల యెదుట మాటలాడినప్పుడు, చిన్ననాట దాను జదివిన వీమ్సు పుస్తకమును దలచుకొనెను. కాని యతడు దలచినది చెట్టు కథను గాదు. ఆ ట్రెంటనునొద్దనే 1776లో వాషింగ్టను సైనికులు నదిని దాటుటయు, వారు శత్రువులతో బోరుటయు, వారు పడిన యిడుములును దన మనస్సున నాటుకొన్నవనియు, అంతటి కష్టమును వారు సహించిరన్న దాని వెనుక సామాన్యము గాని యుద్దేశ మేదో యుండియుండునని బాలుడనైనను దలచితిననియు జెప్పెను. చూడుడు. ఆ పుస్తకమున గల్పన గలదు, జరిగిన సంగతియు గలదు. నలువదేండ్లు గడచిన పిదప, దేశము రెండుగా జీలుచున్న వేళ, లింకను నోట వెలువడినది జరిగిన సంగతియే.

ఇట్లు చరిత్రలు చదివి పెరిగిన లింకనే తరువాత నన్ని చరిత్రలకు విషయమయ్యెను. అతనిని గూర్చి వెలువడిన పుస్తకములు పదునైదువేలకు మించినవని లెక్కించుచున్నారు. అతడు హత్య గావింపబడిన ఫోర్డు నాటకశాల కెదురుగా, వాషింగ్టను నగరమున, 2012లో దెఱచిన విద్యాకేంద్రమునందు ఆ పుస్తకముల ప్రతిరూపములతో 34 అడుగుల యెత్తున నొక స్తంభమును నిలిపినారు. ఒక్క మనుష్యుని జీవితమునకు ఇన్ని పుస్తకము లేల? అందఱును ఒక్క లింకనునే వ్రాయలేదు గనుకనే యని మా యుత్తరము. ఎవరికి గావలసిన లింకనును వారు చెక్కుకొనిరి.

ఈ విషయమున లింకను అభిప్రాయ మేమో యతని న్యాయవాద వృత్తిలో భాగస్వామియైన విలియం హెర్ండను మనకు జెప్పియున్నాడు. ఎడ్మండు బర్కు చరిత్ర నొకదానిని లింకను చేత బెట్టగా, నతడు కొంచెము చూచి విసుగుతో బడవైచెనట. జీవితచరిత్రములన్నియు నొకే తీరున నుండుననియు, చనిపోయినవానిని లోపము లేనివానిగా జేసి లోకమును మోసపుచ్చుననియు నతని యాక్షేపణము. పుస్తకవర్తకులు వ్రాసి యచ్చొత్తిన చరిత్రలను, పేరును ఘనకార్యములును నింపుకొనుటకు ఖాళీలు విడిచి, సిద్ధముగా నేల యుంచరాదు? ఎవరు చనిపోయినను బంధువులు ఒకటి కొనుక్కొని యా ఖాళీలను స్తోత్రములతో బూరించుకొందురు గదా యని యతడు పరిహసించెనట. మన యూళ్ళలో జరుగు సంతాపసభలకు బోయినవారికి ఈ పరిహాసము క్రొత్తగా దోపదు.

పాపము, లింకనునకే యా ఖాళీపుస్తకము సిద్ధమయ్యెను. 1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి యతడు తుపాకిగుండు దెబ్బ తినెను. మఱునాటి యుదయమున బ్రాణము విడిచెను. గుండు తగిలిన దినము క్రైస్తవులకు గుడ్ ఫ్రైడే. వెంటనే ప్రబోధకులు అతనిని ఆత్మబలి చేసిన దైవాంశునిగా వర్ణింపసాగిరి. 1866లో జోసయా హాలండు ప్రకటించిన చరిత్ర, లింకనును ఆదర్శ క్రైస్తవునిగా జిత్రించి, బహుళముగా నమ్ముడుపోయెను. లింకను ఏ మతసంఘమునను సభ్యుడుగా జేరినవాడు కాడు. హెర్ండను చెప్పిన ప్రకారము, హాలండు తన యొద్దకు వచ్చి లింకను మతవిశ్వాసమును గూర్చి యడుగగా, దానిని గూర్చి యెంత తక్కువ చెప్పిన నంత మంచిదని తాను బదులు చెప్పెననియు, దాని సంగతి నేను చక్కబెట్టెదను లెమ్మని హాలండు కన్ను గీటెననియు దెలియుచున్నది. "చక్కబెట్టుట" యను నా మాటలోనే మన వివాదమంతయు నిమిడియున్నది.

హెర్ండనునకు ఇది సహింపరానిదయ్యెను. తాను పదునాఱేండ్లు ఒక్క గదిలో గూర్చుండి యెఱిగిన మిత్రుడు ఎవరో యెఱుగని విగ్రహమగుచుండెను. అతడు వెంటనే కెంటకీ, ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రములలో లింకనును బాల్యము నుండి యెఱిగినవారిని వెదకి, ఉత్తరములు వ్రాసి, ఇండ్లకు బోయి యడిగి, వందలకొలది సాక్ష్యములను సేకరించెను. అతడే పూనుకొననిచో లింకను బాల్యయౌవనములను గూర్చి నేడు మన మెఱిగినది మిక్కిలి స్వల్పమై యుండెడిది. అతని గ్రంథము జెస్సీ వైకు సహాయముతో 1889లో వెలువడెను. దానివలన నతనికి ధనము రాలేదు. నింద మాత్రము వచ్చెను. 1891లో నతడు పేదవాడుగనే మరణించెను.

అయినను సత్యమును బలుకుదునన్న ప్రతివాడును సత్యమునే పలుకడు. ఇదియు హెర్ండనువలననే మనకు దెలియుచున్నది. 1866 నవంబరులో నతడొక యుపన్యాసమిచ్చి, 1835లో మరణించిన యాన్ రట్లెడ్జి యను యువతినే లింకను ప్రేమించెననియు, మఱి యే స్త్రీని బ్రేమింపలేదనియు బ్రకటించెను. అప్పటికి లింకను భార్య మేరీ జీవించియున్నది. భర్త తన ప్రక్కనే హతుడై యేడాదిన్నర మాత్రము గడచినది. ముప్పదేండ్ల తరువాత వృద్ధులు జ్ఞప్తికి దెచ్చుకొని చెప్పిన మాటలనుండి ఒక పురుషుని హృదయములో నేమున్నదో నిశ్చయించుట సత్యకథనమా? ఆ ప్రేమకథను 1945లో చరిత్రకారుడు రాండలు సందేహించి త్రోసివేసెను. 1990 ప్రాంతమున మఱికొందఱు సాక్ష్యములను దిరుగ బరిశీలించి, యువతిపై లింకనునకు బ్రేమ యుండుట నిజమే కావచ్చుననిరి. ప్రేమ యుండుట వేఱు, భార్యను బ్రేమింపలేదనుట వేఱు. మొదటిది సాక్ష్యమునకు లోబడినది. రెండవది హెర్ండను కోపమునుండి పుట్టినది. మొగమాటము లేకపోవుటయే సత్యమని భ్రమించువారు ఈ భేదమును గుర్తింపవలెను.

మఱియొక ప్రక్క నికొలే, హే యను నిరువురు కార్యదర్శులు పది సంపుటములుగా వ్రాసి 1890లో బ్రకటించిన మహాగ్రంథము గలదు. శ్వేతభవనమున లింకనుతో గాపురముండి ప్రతిదినమును జూచినవారు వారు. లింకను కాగితములన్నియు గుమారుడైన రాబర్టు వారికే చూపెను. కాని వ్రాతప్రతిని ముందుగా దాను జూచునట్లును, ఇష్టము లేనిదానిని దీసివేయునట్లును ఏర్పాటు చేసికొనెను. భక్తియు నధికారమును గలసి వ్రాయించిన గ్రంథమున యుద్ధము గలదు, రాజ్యతంత్రము గలదు. రక్తమాంసములు గల మనుష్యుడు మాత్రము దూరమున నిలువబడియున్నాడు. అంతటితో రాబర్టు తృప్తి జెందలేదు. ఆ కాగితములను జాతీయ గ్రంథాలయమున కిచ్చుచు, తన మరణానంతరము ఇరువదియొక్క యేండ్లవఱకు నెవ్వరును జూడరాదని నియమము పెట్టెను. అతడు 1926 జులై 26న మరణించెను. పెట్టెలు 1947 జులై 26న దెఱవబడెను. ఏమి బయటపడెను? లోకము గుసగుసలాడిన రహస్యమేదియు లేదు. తండ్రి కీర్తిని గాపాడుటకు వేసిన తాళము ఇరువదియొక్క యేండ్లు తండ్రిపై ననుమానమునే పెంచెను.

పిదప గవియైన కార్లు శాండ్‌బర్గు వచ్చెను. అతడు 1926లో రెండు, 1939లో నాలుగు సంపుటములు ప్రకటించి, 1940లో బులిట్జరు బహుమానమును బొందెను. ఆ పుస్తకములు లక్షలాది పాఠకులను లింకను చెంతకు జేర్చినవి. కాని విమర్శకుడు ఎడ్మండు విల్సను, హంతకుని గుండు తగిలిన తరువాత లింకనునకు సంభవించిన క్రూరమైన యాపద శాండ్‌బర్గు చేతిలో బడుటయే యని యొక్కొక్కప్పుడు దోచునని 1962లో వ్రాసెను. ఇది పరుషవాక్యమే. అయినను, ప్రేమించి వ్రాసినవాడు సాక్ష్యములేని చోటులను గవితతో నింపినచో, ఆ ప్రేమయు నొక విధమగు ఖాళీపూరణమే యగును.

ఇప్పుడు పూర్వపక్షమును విందము. సామాన్యజనులకు ఆదర్శము కావలెను; పెద్దల దోషములను జెప్పినచో బిల్లలు ఆ దోషములనే సమర్థనగా జేసికొందురు; లోకసంగ్రహముకొఱకు మంచినే చెప్పవలెను గాని చెడుగు నేల త్రవ్వవలెనని పెద్దలనేకులు వాదింతురు. ఈ వాదము తేలికగా ద్రోసివేయదగినది కాదు. కాని మన పురాతనకవులు దీనిని బాటింపలేదని మాత్రము మనవి చేయవలసియున్నది. ధర్మరాజు సత్యసంధుడు. ద్రోణుని జంపించుటకై యతడాడిన యర్ధసత్యమును వ్యాసుడు దాచెనా? నేలకు నాలుగంగుళముల మీద నడచు రథము ఆ మాటతో నేలకు దిగెనని స్పష్టముగా జెప్పెను. వాలిని జెట్టుచాటునుండి కొట్టిన రాముని వాల్మీకి వాలిచేతనే నిలదీయించెను. అంతమాత్రమున ధర్మరాజు మనకు ధర్మరాజు గాకపోయెనా? రాముని గొలుచుట మనము మానితిమా? దోషమును జూచియు గౌరవింపగల శక్తి చదువరులకు గలదని ఆ కవులు నమ్మిరి. నమ్మనివారు మనమే.

ఇక లింకను దోషములనే చూతము. మన కుటుంబములలో జదువువారికి ఎల్లవానికంటె గష్టముగా దోచునది తండ్రి విషయము. 1851 జనవరిలో దండ్రి టామసు లింకను మరణశయ్యపై నుండెను. రమ్మని యుత్తరములు వచ్చెను. లింకను పోలేదు. భార్య జబ్బుగా నున్నదనియు, ఇప్పుడు తాము కలిసికొన్నచో సంతోషముకంటె బాధయే యధికమగునేమో యనియు, దేవుని నమ్ముకొమ్మని తండ్రికి జెప్పుమనియు సవతితల్లి కుమారునికి వ్రాసెను. అయిదు దినములకు దండ్రి మరణించెను. అంత్యక్రియలకును లింకను పోలేదు. శత్రువులను సైతము క్షమించిన యా హృదయమునకు తండ్రిని క్షమించుట సాధ్యము గాకపోయెను. ఇది దాచదగినదా? తండ్రికి దూరమైన కుమారులు మన యిండ్లలో లేరా? వారికి మేఘములలో నిలిచిన లింకనుకంటె ఈ లింకనే దగ్గఱివాడు గదా.

అంతకంటె బెద్దది జాతి విషయము. బానిసత్వము తప్పనియు, తన చేతులతో సంపాదించుకొన్న యన్నమును దినుటకు నల్లవానికి నందఱితో సమానమగు హక్కు గలదనియు లింకను చెప్పుచుండెను. అతడే 1858 సెప్టెంబరు 18న ఇల్లినాయిలోని చార్లెస్టనున, ఎన్నికల వాదమున, తెల్లవారికిని నల్లవారికిని సాంఘిక రాజకీయ సమానత్వము గలిగించుట తన కభిమతము గాదని జనులు మెచ్చునట్లు పలికెను. 1862 ఆగస్టు 14న నల్లవారి ప్రతినిధుల నయిదుగురిని శ్వేతభవనమునకు బిలిపించి, మన రెండు జాతులును వేఱుపడుటయే మేలు, మీరు మధ్య అమెరికాకు వలసపొండని యుపదేశించెను. అప్పటికే విమోచనప్రకటనముయొక్క చిత్తుప్రతి యతని యొద్ద నుండెను! మఱుసటి యేట హైటీ దేశమున కొక చిన్న దీవికి సుమారు 450 మంది పంపబడిరి. రోగములును ఆకలియు ననేకులను బొట్టబెట్టుకొనెను. మిగిలినవారిని 1864లో ఓడ నంపి వెనుకకు రప్పింపవలసివచ్చెను.

వీనిని దాచిన చరిత్రకారుడు లింకనునకు మేలు చేసితినని తలచును. కాని యట్లు దాచినప్పుడు మఱుగుపడువాడు లింకను కాడు; ఆనాడు శ్వేతభవనమున మౌనముగా ఆ యుపదేశము విన్న అయిదుగురును, ఆ దీవిలో మడిసినవారును మఱుగుపడుదురు. గొప్పవాని దోషమును బూడ్చినప్పుడెల్ల నా దోషమువలన బాధపడినవారిని గూడ దానితో బూడ్చుచున్నాము. ఇది మేము చాలకాలమునకు గాని గ్రహింపలేదు.

మఱియొక నష్టము గలదు. దోషమును దాచినచో లింకనులోని గొప్పతనమే మాయమగును. 1863 జనవరి 1న విమోచనప్రకటనము వెలువడెను. నల్లవారు సేనలో జేరసాగిరి. యుద్ధము ముగియునప్పటికి సుమారు 1,80,000 మంది సైనికులైరి. బానిసత్వమును రూపుమాపు రాజ్యాంగసవరణము 1865 జనవరి 31న లింకను పట్టుదలవలన ప్రతినిధిసభలో నెగ్గెను. 1865 ఏప్రిలు 11న, శ్వేతభవనపు గవాక్షమునుండి చేసిన కడపటి యుపన్యాసమున, చదువుకొన్న నల్లవారికిని, సైనికులైన నల్లవారికిని వోటుహక్కు ఈయదగునని యతడు బహిరంగముగా బలికెను. చార్లెస్టనున వలదన్న నోరే యిది. ఆ మాట విన్నవారిలో హంతకుడు బూతు నుండెను. మూడు దినములలో లింకనును గాల్చెను. దుంగల గుడిసెనుండి శ్వేతభవనమునకు వచ్చిన దూరమును చరిత్రలన్నియు గొలిచినవి. చార్లెస్టనునుండి ఆ గవాక్షమునకు వచ్చిన దూరమే నిజముగా గొలువదగినది. మొదటి మెట్టును దాచినవాడు ఎక్కిన యెత్తును జూపలేడు.

ఈ కొలతను దప్పక కొలిచినవాడు జీవితచరిత్రకారుడు కాడు. బానిసగా బుట్టి, పారిపోయి, తనంత దాను విద్వాంసుడైన ఫ్రెడరికు డగ్లసు. 1876 ఏప్రిలు 14న, విముక్తులైన నల్లవారు చందాలిచ్చి నిలిపించిన లింకను విగ్రహమును వాషింగ్టనున దెఱచినప్పుడు, అధ్యక్షుని యెదుటను బెద్దల యెదుటను నతడు మాటలాడెను. లింకను ముఖ్యముగా దెల్లవారి యధ్యక్షుడనియు, నల్లవారు సవతిబిడ్డల వంటివారనియు మొగమాటము లేక చెప్పెను. బానిసత్వమును వెంటనే తుదముట్టింపవలెననువారి చోటునుండి చూచిన లింకను మందుడు, చల్లనివాడు. తాను నడిపింపవలసిన దేశముయొక్క మనస్సుతో బోల్చి చూచిన నతడే వేగముగలవాడు, దృఢచిత్తుడు అని తేల్చెను. విగ్రహముయొక్క ముసుగు తీయునాడు మనుష్యునిపై ముసుగు వేయకుండుటకు ఎంత ధైర్యము కావలెను! అంతయు జెప్పి కూడ కృతజ్ఞతను దాచుకొనకుండుటకు ఎంత న్యాయబుద్ధి కావలెను!

తరువాతి కాలమున దూషణమునే ప్రధానముగా జేసికొన్న గ్రంథములును వచ్చినవి. నల్లజాతివాడైన లెరోను బెన్నెటు 2000లో బ్రకటించిన పుస్తకమున లింకను విమోచకుడే కాడని వాదించెను. నూఱేండ్లకు పైగా దన పూర్వుల బాధను స్తోత్రముల క్రింద గప్పియుంచిన దేశమును జూచి యతడు కోపించుట న్యాయమే. అతడు త్రవ్వి తీసిన సంగతులను దరువాతివారు విడువజాలకపోయిరి. కాని లింకను మాఱలేదనుట సాక్ష్యమునకు నిలువదు. 2010లో ఎరికు ఫోనరు వ్రాసిన గ్రంథము ఆ సంగతులన్నిటిని ఒప్పుకొనియే, లింకను ఎట్లు, ఎవరి యొత్తిడివలన, ఏ యేట నెంత మాఱెనో మెట్టుమెట్టుగా జూపినది. నిందతో బూరించినను, స్తుతితో బూరించినను, ఖాళీపుస్తకము ఖాళీపుస్తకమే. మనుష్యుడు వానిలో నుండడు.

మన భాషకును ఈ విషయముతో సంబంధము గలదు. 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి తన గ్రంథమాలలో మొట్టమొదట బ్రకటించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన లింకను చరిత్రమే. అది 1907వ సంవత్సరము. మఱుసటి యేటనే యాయన రాజద్రోహనేరముపై జెఱసాలకు బోయెను. రాజుల చరిత్రలే చరిత్రలని తలచుచుండిన దినములలో, దుంగల గుడిసెలో బుట్టినవానిని దెలుగు కుటుంబములకు దొలుత బరిచయము చేయుట యెంత యోచనతో జేసిన పనియో చెప్పనక్కఱలేదు. ఆనాడు మనకు ధైర్యము కావలసియుండెను. నేడు ధైర్యముతోపాటు వివేచనయు గావలసియున్నది.

ఈ వివేచన అమెరికా యధ్యక్షుల విషయముననే కాదు, మన గోడలమీది పటముల విషయమునను గావలెను. మా యింట ముత్తాతగారి పటము గలదు. ఆయన కఱవునాట బెట్టిన యన్నమును గూర్చి వినని పండుగ మాకు లేదు. బాలవితంతువైన తన కూతును జదువుకొననీయక, వంటయింటి చీకటిలోనే యామె జీవితమును గడపించెనని మాత్రము మాకు నలువదేండ్లు వచ్చువఱకు నెవ్వరును జెప్పలేదు. అడుగగా, పెద్దల తప్పులు మన కేల యనిరి. ఆమె పటము లేదు. ఆమె పేరు చెప్పుటకు సైతము ఇద్దఱు వృద్ధులను అడుగవలసివచ్చెను. ముత్తాతగారి గౌరవమును గాపాడుటకై మేము ఆమెను రెండవమాఱు చీకటిలో బెట్టితిమి. ఆయన పెట్టిన యన్నము నిజము. ఆమె కన్నీరును నిజము. రెంటిని మా పిల్లలకు జెప్పుచున్నాము. ముత్తాతగారిపై వారికి గౌరవము తగ్గినట్లు మాకు గానరాలేదు. తమ చెల్లెండ్ర చదువును గూర్చి మాత్రము వారిప్పుడు తగవులాడుచున్నారు.

కాబట్టి చరిత్ర వ్రాయువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మాకు దోచుచున్నది. ఈ సంగతికి సాక్ష్యమేది? దీనిని దాచినచో నెవరు మఱుగుపడుదురు? దీనిని జెప్పుటకు నన్ను బ్రేరేపించునది సత్యమా, కోపమా? మొదటి ప్రశ్న వేసికొన్నచో వీమ్సు చెట్టును నాటియుండడు. రెండవది వేసికొన్నచో రాబర్టు అంతకాలము తాళము వేసియుండడు. మూడవది వేసికొన్నచో హెర్ండను ఒక విధవ హృదయమును అంతగా గాయపఱచియుండడు.

ఆ బాలునికి మేము బాకీపడిన యుత్తరమును ఇటీవలనే చెల్లించితిమి. వాడిప్పుడు పై తరగతిలో నున్నాడు. పిలిచి యిట్లు చెప్పితిమి: "నాయనా, ఆ నాడు నీకు నేను చెప్పిన కథ నిజము గాదు. అది నిజమో కాదో విచారింపకయే చెప్పితిని. ఆ తప్పు నాది. కాని గోళమును బగులగొట్టినది నిజము. రాత్రియంతయు నీవు భయపడినది నిజము. మఱునాడు వచ్చి చెప్పినది నిజము. ఆ సత్యము వీమ్సుది గాదు, వాషింగ్టనుది గాదు, నాదియు గాదు, నీది." వాడు కొంచెముసేపూరకుండి, "మఱి యీ సంవత్సరము పిల్లలకు ఏ కథ చెప్పుదురు, మాస్టారూ?" యని యడిగెను. నీ కథయే చెప్పుదు ననియు, పేరు చెప్పననియు, గోళమును బగులగొట్టిన భాగమును మాత్రము విడువననియు బదులు చెప్పితిమి. వాడు నవ్వెను.